లాంగ్‌జంప్ గుంత

“ఆ రాయి సంగతి తెలిసింది మనిద్దరికే మామా. నేను చెప్పలేదు. మరి ఎవరు చెప్పినట్టు?”

డ్రిల్లు మాస్టరు మొహిద్దీన్ బాషా గొర్రెల కాపరి యల్లయ్యను నిలదీశాడు. ఎదురుగా బడి మైదానంలో కూలీలు పలకల క్వారీకి హద్దు గూటాలు దిగగొడుతున్నారు. రేపటి నుంచి పిల్లలకు ఆటల్లేవు.

మార్కాపురం చివర ఈ సర్కారు బీడులో తాతల నాటి నుంచి యల్లయ్య గొర్రెల మంద ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది, బడికి ఆటస్థలం లేదని బాషా బతిమాలితే, మారుమాట లేకుండా మందను తోలుకుపోయాడు. ఒక్క మాట మాత్రం తీసుకున్నాడు.

“అడుగున పలకరాయి ఉంది అయ్యవారూ. బయటపడిందంటే క్వారీవోళ్లు ఊరుకోరు. ఎవురికీ తెలియనియ్యబాకండి.”

ఆరేళ్లలో బాషా తవ్వించింది ఒక్క లాంగ్‌జంప్ గుంతే. అందులో తేలిన రాళ్లలో ఒక్కటీ బయట పారెయ్యలేదు. ఏటా పోటీలు పెట్టి, బహుమతుల మీద అక్షరాలు కూడా తనే రాసేవాడు. ఆ నేలంటే ఆయనకు అంత ప్రాణం.

“నిన్న ఆ క్వారీ కొండలరావు దుకాణం కాడ టీ తాగినావంట?”

“పిలిచి ఇచ్చినాడు. తాగినా.”

“ఏంది అడిగినాడు?”

“ఏందేందో అడిగినాడు. నేను గొర్రెల సంగతే చెప్పినా.”

“రంజానుకు ఆరేళ్లు మా ఇంట్లో సేమ్యా తాగినావే! తిన్నింటి వాసాలు లెక్కబెడతావా యల్లయ్యా?”

‘మామా’ అనే పిలుపు తప్పడం అదే మొదలు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కర్ర తీసుకుని దొనకొండ దారి పట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

క్వారీ లీజు తెచ్చుకున్న కొండలరావు అప్పుడే సైకిలు దిగాడు.

“ఎందుకన్నా ముసలాయన్ని తిడతావు? టీ పోసి ఎంత గుచ్చి అడిగినా రాయి మాటే ఎత్తలేదు.”

“మరి నీకెట్ల తెలిసింది?”

“రాయే చెప్పింది. ఈ నునుపు మన తాలూకాలో ఏ క్వారీలోనూ లేదు. ఎక్కడిదా అని వెతుకుతా వస్తే, మీ గుంత అంచున ఇదే రాయి కనపడింది.”

సంచిలోంచి ఒక పలక తీసి గోటితో మీటాడు. కంగుమంది.

“మా పిల్లోడి చేతిలో మా ఇంటికే వచ్చింది అన్నా, చూడు.”

బాషా దాన్ని అందుకుని తిప్పాడు.

చట్రం మీద తన చేతిరాతే: ‘లాంగ్‌జంప్, మొదటి బహుమతి.’