అసర్ తరువాత వచ్చే ఫోన్

"నీ కరీమున్నీసానే. మాట్లాడుకో," అంటూ ఫౌజియా రిసీవర్‌ను భర్త చేతిలో పెట్టింది.

చాంద్ బాషా ఇబ్బందిగా నవ్వి అందుకున్నాడు. రియాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అతడు మెయింటెనెన్స్ టెక్నీషియన్. కరీమున్నీసా అక్కడే ఆడవాళ్ళ విభాగంలో కంప్యూటర్ సర్వర్ చూసుకునే ఆపరేటర్. పనివేళల్లో ఆ విభాగంలోకి మగవాళ్ళు అడుగుపెట్టరాదు కనుక, సర్వర్ మొరాయించినప్పుడల్లా ఆమె ఫోన్ చేసేది. అతడు ఇంటి నుంచే ఉపాయం చెప్పేవాడు.

"ఆపి మళ్లా ఆన్ చెయ్యమ్మా... వచ్చిందా? సరే."

అతడు ఫోన్ పెట్టేసరికి ఫౌజియా ఎదురుగా నిలబడి ఉంది.

"ఎట్లుంటాది ఆమె?"

"నేనేడ చూసినా? గొంతు తప్ప ఏమీ తెలీదు."

"నేను ఊర్లో లేనప్పుడు దూరింది గదా!"

"గల్ఫ్ యుద్ధం వస్తే నిన్ను కడపకు పంపింది నేను. మధ్యలో ఆ పిల్ల ఏం జేసిందే? ఇంత కుళ్ళు పనికిరాదు."

ఫౌజియా విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ గొంతు విన్న రోజున ఆమెకు అన్నం సహించేది కాదు.

సర్వర్ లోపం అంతుపట్టడం లేదు. ఉదయమంతా సవ్యంగా నడిచి, సాయంత్రపు అసర్ నమాజు విరామం ముగియగానే స్తంభించిపోయేది. నెట్‌వర్క్ నుంచి వచ్చే సమాచారం క్షణకాలం నిలిచే బఫర్లు చాలడం లేదని తెర మీద సందేశం. మెమరీ తక్కువైందని చాంద్ బాషా కొత్త చిప్పులు తెప్పించాడు. ఫలితం శూన్యం.

"ఇంకోసారి ఆగితే ఆ పిల్లకు ఎగ్జిట్ వీసా కొట్టి ఇండియాకు పంపిస్తానన్నాడంట మేనేజరు, పాపం," అన్నాడతడు మరునాడు.

"పోతే పోనీ."

ఆ సాయంత్రం అతడు కూరగాయలకు బతా బజారుకు వెళ్ళిన తరువాత ఫోన్ మోగింది.

"భాయ్ లేడా భాభీ? మళ్లా నిలిచిపోయింది. జ్వరాలతో ఆడోళ్ళు బారులు తీరినారు. నేనే ఏదో చెడగొట్టినట్టుండా..." కరీమున్నీసా ఏడుస్తోంది.

లేడని చెప్పి పెట్టేస్తే చాలు. ఆ అమ్మాయి విమానం ఎక్కేస్తుంది. ఫౌజియా వేళ్ళు ఫోన్ తీగను మెలిపెట్టాయి. కానీ తప్పు ఆ అమ్మాయిది కాదు.

"ఏడవద్దు. నువ్వేం చెడగొట్టలేదు. నమాజుకు అందరూ లాగౌట్ అయి, తిరిగొచ్చి ఒక్కసారే లాగిన్ అవుతారు గదా?"

"అవును భాభీ."

"ఆ తోపులాటకు బఫర్లు చాలవు. మెమరీ ఎంత పోసినా, బఫర్లు ఇంతకు మించొద్దని లోపల ఒక హద్దు పెట్టుంటాది. కంప్యూటర్లు పెరిగినాయి, హద్దు పాతదే. ఆ అంకె పెంచు. నేను చెప్పినట్టు కొట్టు."

ఫౌజియా ఆదేశాన్ని అక్షరం అక్షరం చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడి ఆగింది.

"నడుస్తాండాది భాభీ! అందరూ లోపలికొచ్చేసినారు!" ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "భాయ్‌కే తెలీలేదు. మీకెట్లా తెలుసు?"

ఫౌజియా రిసీవర్ పెట్టేసింది.

యుద్ధానికి ముందు ఆ ఉద్యోగం ఫౌజియాది.