ప్రింటర్ల డాక్టరు

మూడోసారి నొక్కినా కాగితం రాలేదు.

"ప్రింటరు అందుబాటులో లేదు" అని కంప్యూటరు పాత పాటే పాడింది. ప్రింటరేమో పక్కనే బల్లమీద నిక్షేపంగా ఉంది. కరెంటు ఉంది, ఇంకు ఉంది. వైఫై దీపం మాత్రం మినుకుమినుకుమంటూ నిలకడగా వెలగడం లేదు.

ఊళ్లో ఏ ఆఫీసులో ప్రింటరు మొరాయించినా ముందు అతనికే ఫోను వస్తుంది. ప్రింటర్ల డాక్టరని అతనికి పేరు. అంతటివాడికి ఇవాళ సొంతింట్లో, తన చేతులతో బిగించిన ప్రింటరు ముందు ముచ్చెమటలు పడుతున్నాయి.

కావలసింది ఒక్కటంటే ఒక్క కాగితం. పదేళ్ల కూతుర్ని హాస్టలున్న బడిలో చేర్చే ఫారం. తల్లీ తండ్రీ సంతకాలు పెట్టి నాలుగింటికల్లా బడి ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే సీటు జాబితాలో తర్వాతి పిల్లకి పోతుంది. సీటు ఇప్పించింది భార్య అన్నగారు, ఆ బడిలోనే గుమాస్తా. ఫారం తనే పట్టుకెళ్తానని వచ్చి, బూట్లు కూడా విప్పకుండా హాల్లో కూర్చున్నాడు. ఆయన మూడింటి బస్సు ఎక్కాలి.

నిజానికి పిల్లని పంపడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు. ఆ మాట బావగారి ముందు అనలేకపోయాడు. ఆయన రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన సీటు మరి. పైగా భార్య, అన్నయ్య ఏం చెప్పినా మన మంచికేనంటూ తలూపింది. ఇక తనొక్కడూ కాదంటే ఏం బాగుంటుంది? సరేనన్నాడు. ఇప్పుడు కాగితం వస్తే పిల్ల వెళ్లిపోతుంది, రాకపోతే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"కానివ్వండి. అవతల అన్నయ్యకి బస్సు టైమవుతోంది" అంటూ భార్య వచ్చి నెత్తిన నిలబడింది.

ప్రింటరు ఆపి మళ్లీ వేశాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. రూటరు కూడా ఆపి వేశాడు. ప్రింటరులో వైఫై పాస్‌వర్డు కొత్తగా కొట్టాడు. ఒక్కో అక్షరం పైకి చదువుతూ రెండోసారీ కొట్టాడు. కలిసినట్టే కలిసి ఊడిపోయింది. లోపల వైఫై ముక్క కాలిపోయిందేమోనని అనుమానం వచ్చింది.

వైరుంటే నేరుగా కంప్యూటరుకి కలిపేయొచ్చు. ఎప్పుడూ పనిసంచిలో ఉండే వైరు ఇవాళే లేదు. నిన్న ఏ ఆఫీసులో మరిచిపోయి వచ్చారో అని భార్య విసుక్కుంది. సొరుగులు, బీరువా, అటక అన్నీ తనే గాలించి, దుమ్ము దులుపుకుంటూ వట్టి చేతులతో వచ్చింది.

"ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అంటే ఇదేనేమో బావగారూ" అన్నాడు హాల్లోంచి ఆయన.

అతను లేచి చొక్కా వేసుకున్నాడు. సందు చివర షాపులో ప్రింటు తీయించుకొస్తానన్నాడు. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ప్రింటర్ల డాక్టరే ప్రింటు కోసం షాపుకెళ్లాడని తెలిస్తే రేపు మిమ్మల్ని ఎవరు పిలుస్తారు? నలుగురిలో నవ్వులపాలవుతాం. మీకు చేతకానిదా ఇది?"

ఆ మాట సూటిగా తగిలింది. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు చూశాడు, ప్రింటరు ట్రేలో కాగితాలు లేవు. ఇంట్లో కూతురి అలికిడి కూడా లేదు. వెతగ్గా వెతగ్గా మంచం కింద కనబడింది, కాగితాల కట్టమీద బాసింపట్టు వేసుకుని.

"నేను వెళ్లను నాన్నా" అంది మెల్లగా.

అతను తిట్టలేదు. వెళ్లొద్దులే అనడానికి ధైర్యమూ చాలలేదు. కట్ట తీసుకొచ్చి ట్రేలో పెట్టి, దొంగ దొరికింది కదా, ఇక పని అయినట్టేననుకుని బటన్ నొక్కాడు.

కాగితం రాలేదు. గుమ్మం పక్కనుంచి తొంగిచూస్తున్న పిల్ల అతనికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

రెండూ యాభై అయింది. బావగారు లేచారు. ఇలాంటి సీటు మళ్లీ దొరకదనీ, తన తప్పేమీ లేదనీ ఒకటికి రెండుసార్లు చెప్పారు. భార్య కళ్లు తుడుచుకుంటూ గేటు దాకా వెంట వెళ్లింది.

"ఏం చెయ్యను అన్నయ్యా, ఈయన సంగతి చూశావుగా. ఊరందర్నీ ఉద్ధరిస్తారు, ఇంట్లో ఒక్క కాగితం తీయలేరు" అని వీధిలోకి వినబడేలా అంది.

అతను గుమ్మంలో తలొంచుకుని విన్నాడు. బావగారు సందు మలుపు తిరిగాక లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కూతురు వచ్చి భుజానికి ఆనుకుంది. ట్యాబ్‌లో బొమ్మలు చూసుకోనా అని అడిగింది. చదువుకునే వేళ దాని ట్యాబ్‌కి నెట్ అందకుండా తనో భార్యో ఫోన్లోంచి కట్టేస్తుంటారు. ఇవాళ్టికి విడిచిపెడదామని తన ఫోన్లో రూటరు పేజీ తెరిచాడు. ఎవరెవర్ని లోపలికి రానివ్వకూడదో, ఏ ఫోనుతో ఎప్పుడు చేర్చారో ఆ జాబితా వచ్చింది.

మొదట ట్యాబ్ ఉంది. దానికింద ప్రింటరు ఉంది.

ప్రింటరును తెల్లవారుజామున ఐదూ యాభైకి ఆ జాబితాలో చేర్చిన ఫోను, పొద్దుట్నుంచీ అతని నెత్తిన నిలబడి "కానివ్వండి, కానివ్వండి" అన్న భార్యది.