చివర వచ్చినవారికే

“పది దాటింది. ఒక్కరూ లోపలికి రారేం?” బేకరీ యజమాని కిటికీ తెర పక్కకు జరిపి చూశాడు.

బయట రేకుల నీడలో ఇస్త్రీ చొక్కాల గుంపు ఒకటి నిలబడి ఉంది.

“ముందు మీరు పదండన్నా.”

“అబ్బే, పెద్దవారు. మీ తర్వాతే నేను.”

“నాకేం తొందరండీ? సాయంత్రం దాకా ఉంటాను.”

యజమాని కళ్ళు చెమర్చాయి. “చూశావా, ఎంత వినయం! నిన్న చర్చిలో ఈ ఉద్యోగం సంగతి ప్రకటించడం మంచిదైంది.”

“మరే,” అంది భార్య, కౌంటరు వెనక మోకాళ్ళు రుద్దుకుంటూ.

ఆ కౌంటరుకు మనిషిని ఎంచుకోవడానికి ఆయన కొత్త పద్ధతి కనిపెట్టాడు. చివరివాళ్ళు మొదటివాళ్ళవుతారన్న బైబిలు వాక్యం మీద కిందటి వారం పాస్టరుగారు ప్రసంగించారు. అందుకని, అందరికంటే చివర లోపలికొచ్చినవారికే ఉద్యోగం. అలాంటి తోసుకురాని మనిషిని చూసి మిగతా పనివాళ్ళూ బాగుపడతారని ఆయన ఆశ. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చేత ఒట్టు వేయించుకోబోయాడు కూడా.

“ఒట్టు పెట్టుకోకూడదని వాక్యంలోనే ఉంది కదండీ,” అందావిడ.

ఆయన ఆ భక్తికి ముచ్చటపడి ఊరుకున్నాడు. నిన్న ఆరాధన అయ్యాక ఆవిడ చర్చి మెట్ల మీద అందరి క్షేమసమాచారాలూ అడుగుతుంటే, స్కూటరు మీద ఎండలో కూర్చుని కూడా విసుక్కోలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. దర్జీ కూతురు! కిందటిసారి ఇదే పనికి వస్తే తొందర మనిషని ఆయనే తిప్పి పంపేశాడు.

“ఆ నిలబడ్డవాళ్ళకేమైందండీ? ‘వెళ్ళమ్మా, వెళ్ళమ్మా’ అని దారిచ్చారు. వచ్చేశాను.”

యజమాని జాలిగా నవ్వాడు. “నువ్వే మొదటిదానివి. కూర్చో. మిగతావాళ్ళను కూడా చూసి చెబుతాను.”

“ఈసారి కూడా కాదంటే మా నాన్న మిషను పక్కన గుండీలు కుట్టుకుంటూ ముసలిదాన్నైపోతానండీ.”

“అంతా దేవుని చిత్తం.”

“లోపల ఏదో మాడుతోంది. అది కూడానా?”

ఆయన ముక్కు ఎగబీల్చేలోగా ఆమె బట్టీ దగ్గరికి పరుగెత్తి బన్నుల ట్రే బయటికి లాగేసింది. మధ్యాహ్నానికి ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది.

“వాళ్ళు కదలకపోతే పోయారు, ఆకలైనా వెయ్యదా?”

బన్నులూ టీలూ పట్టుకుని బయటికెళ్ళింది. ఖాళీ ట్రేతో తిరిగొచ్చింది. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే బట్టీ మాస్టరు బయటికి తొంగిచూశాడు.

“ఇంకో వాయి పెట్టమంటావా తల్లీ?”

అడిగింది ఆమెను. యజమాని గొంతు సవరించుకున్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

చీకటి పడబోతుంటే ఆయన బయటికెళ్ళి చేతులు జోడించాడు. “బాబూ, ఎవరో ఒకరు రండయ్యా!”

అందరూ వినయంగా ఒక అడుగు వెనక్కి వేశారు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య తాపీగా అడిగింది.

“లోపలికొచ్చినవాళ్ళలో మొదట వచ్చిందెవరండీ?”

“ఈ పిల్లే.”

“అందరికంటే చివర?”

ఆయన కాసేపు ఆలోచించాడు. వేళ్ళు ముడిచి కూడా చూసుకున్నాడు.

“ఈ పిల్లే!”

“మరింకేం? ఒకే మనిషిలో వాక్యం రెండువైపులా నెరవేరింది.”

“స్తోత్రం!” అన్నాడాయన, ఒళ్ళు జలదరించి.

ఆవిడ కౌంటరు కింద నుంచి ఇస్త్రీ చేసిన కొత్త ఏప్రన్ తీసిచ్చింది. దర్జీ కూతురికి అది కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

నిన్న చర్చి మెట్ల మీద ఆవిడ ఆ రహస్యం చెప్పనిది ఈమెకొక్కదానికే.