బీదరికపు మార్కులు

"నిజం చెప్పు పాపా. నిన్న ఏం తిన్యావ్?"

"వరి బువ్వ" అంది ఈరమ్మ.

కమలాక్షమ్మ కలం ఆగింది. ఆళ్లగడ్డ బడిలో పొద్దుటి నుంచి అరవై మంది పిల్లలను ఇదే మాట అడిగింది. అందరూ జొన్న సంగటి, కొర్ర బువ్వ, గొడ్డుకారం అన్నవాళ్లే. వినీ వినీ, నంద్యాల నుంచి వచ్చిన ఆ నర్సుకు చెవులతో పాటు మనసు కూడా మొద్దుబారింది. వరి అన్నం మాట వినడం ఇదే మొదలు.

ఎదురుగా నిలబడ్డ పిల్లకు తొమ్మిదేళ్లుంటాయేమో. ఒంట్లో రక్తం లేదని డాక్టరు ఆదినారాయణ అప్పుడే చీటీ రాసి పంపాడు. ఇక బీదరికం ఒక్కటే తేలాలి. ఒక్కో పిల్లకు నింపే కార్డులోని ప్రశ్నలకు పదికి ఆరు మార్కులొస్తే బీద పిల్ల కింద లెక్క. ఆరు నెలల పాటు పాలపొడి, రక్తం పట్టే మందు ఇస్తారు. బీదరికంలో తప్పితే అదీ లేదు, ఇదీ లేదు. సిరాతో వేసిన మార్కు మళ్లీ దిద్దకూడదు. బడి అయ్యవార్లు పక్కనుంటే పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకుంటారని వాళ్లను వరండాలోనే ఆపేశారు. తండ్రి ఓబులేసు, సేద్యం, రెండెకరాల మెట్ట అని బడి రిజిస్టరులోంచి ముందే ఎక్కించారు. దానికి మూడు మార్కులు పడ్డాయి. ఇంకో మూడొస్తే చాలు.

"వరి బువ్వొకటేనా?"

"పప్పు, అలసంద వడలు, పాయసం గూడా. కడుపు నిండా తిన్యా."

"మీ ఇంట్లోవాళ్లేనా?"

"లేదమ్మా, ఊరోళ్లు గూడా వొచ్చినారు. మూడు బంతులు లేసినాయి."

ఊరికి పెట్టే ఇల్లన్నమాట! కమలాక్షమ్మ తిండి గడిలో సున్నా చుట్టింది.

"ఇంట్లో ఎంతమంది?"

పిల్ల వేళ్లు మడుస్తూ పోయి, చివరి వేలు మళ్లీ తెరిచింది. "నలుగురం."

రిజిస్టరులో అయిదని ఉంది. పల్లెటూరి అయ్యవార్ల లెక్కలు ఎప్పుడూ ఇంతే అనుకుని నాలుగని రాసింది. తినే నోళ్లు అయిదైతేనే మార్కు. అక్కడా సున్నానే.

"ఈ కొత్త పావడా యాడిది?"

"మా మామ తెచ్చినాడు. మాయమ్మకు గూడా చీర తెచ్చినాడు."

బట్టల గడిలోనూ సున్నా. మొత్తం మూడు.

పిల్ల ముఖం చూస్తే కమలాక్షమ్మకు జాలేసింది. పాలిపోయిన కళ్లు, పుల్లల్లాంటి చేతులు. ఇన్ని వడలు, పాయసాలు ఈ ఒంట్లో ఏ మూలకు పోయాయో అర్థం కాలేదు.

"మొన్న ఏం తిన్యావ్?" అని ఊరికే అడిగింది.

"మొన్న ఏం తిన్లేదు."

కార్డులో మొన్నటికి గడి లేదు. నిన్నటికి మాత్రమే ఉంది. కమలాక్షమ్మ కింద "అవసరం లేదు" అని రాసి, సంతకం చేసి, కార్డును కట్టలో పెట్టింది.

"నీకు పాలపొడి రాదు పాపా. పోయిరా."

ఈరమ్మ ఏడవలేదు. తల ఊపి గడప దాకా నడిచింది.

కమలాక్షమ్మకు మనసొప్పక, ఏదో ఒక మంచి మాట అనాలనిపించింది. "మళ్లా ఎప్పుడే మీ ఇంట్లో వరి బువ్వ? ఈసారి నన్నూ పిలుస్తావా?"

పిల్ల వెనక్కి తిరిగింది.

"పిలుస్తానమ్మా. నిన్నైతే మా నాయన దినమని పెట్టినారు. మళ్లా అంటే, మా యవ్వ పోయినప్పుడు పెడతారు."