ఎర్ర తాళం

“పరదేశికి యూనియన్ కార్డు ఇవ్వొద్దనేవాళ్లు చేతులెత్తండి.”

క్యాంటీన్‌లో అందరికంటే ముందు లేచింది ఫిట్టర్ చెయ్యి. యూనియన్ కార్యదర్శి చెయ్యి వెనకబడితే ఏం బాగుంటుంది?

కార్డు లేనివాడికి ఆ సబ్బుల ఫ్యాక్టరీలో పని లేదు. పనికోసం ఎక్కడినుంచో వచ్చిన ఆ పరదేశి మధ్యాహ్నానికల్లా గేటు దాటాలి.

“పాపం, పనిమంతుడు బాబాయ్,” అన్నాడు సబ్బు కలిపే పెద్ద మిక్సర్ నడిపే ఆపరేటర్.

“అదేరా నా భయం. ఇలాంటివాళ్లు సగం జీతానికి దొరికితే మనల్నెవరు ఉంచుకుంటారు? ఇంట్లో నలుగురు నా మీదే బతుకుతున్నారు.”

అసలు భయం ఫిట్టర్ బయటపెట్టలేదు. ఈమధ్య ఆయనకు మతిమరుపు ఎక్కువైంది. ఆయన మిక్సర్‌లోకి దిగినప్పుడల్లా పరదేశి వచ్చి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడతాడు. తన పొరపాట్లన్నీ చూసి ఆఫీసుకు మోస్తున్నాడని ఫిట్టర్ అనుమానం.

మొన్న “అన్నా, తాళం?” అని వచ్చీరాని మాటల్లో అడిగాడు కూడా.

“నా పని నాకే నేర్పుతావా?” అని కసిరాడు ఫిట్టర్.

మిక్సర్‌లోకి దిగేవాళ్లు ముందు మెయిన్ స్విచ్‌కి తమ సొంత తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలి. లోపల మనిషుండగా ఇంకెవరూ ఆన్ చేయకుండా ఆ ఏర్పాటు. ఎవరి తాళమో తెలిసేలా ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు.

మీటింగ్ వేడిలోనే ఫిట్టర్ లోపలికి దిగాడు. మనిషెత్తు రెక్కల మధ్య కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు.

పైన టక్కుమని బటన్ నొక్కిన చప్పుడైంది.

ఫిట్టర్ చెయ్యి జేబులోకి పోయింది. వేళ్లకి చల్లగా తగిలింది చెవి కాదు, తాళమే.

నిచ్చెన వైపు పాకబోయాడు. ఇంట్లో నలుగురూ ఒక్కసారిగా కళ్లముందు కదిలారు.

మళ్లీ టక్కుమంది. రెక్కలు మాత్రం కదల్లేదు.

సబ్బు జిగటలో పడుతూ లేస్తూ నిచ్చెనెక్కి బయటపడ్డాడు.

ఆపరేటర్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. “నువ్వు టీకెళ్లావనుకున్నా బాబాయ్. ఎందుకో స్టార్ట్ కాలేదు. కూర్చో, నీళ్లు తెస్తా,” అంటూ పరిగెత్తాడు.

ఫిట్టర్ స్విచ్‌బోర్డు దాకా నడిచాడు. మెయిన్ స్విచ్‌కి ఎర్ర తాళం వేలాడుతోంది.

అది పరదేశిది.

వెనకనుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి చిన్న తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. “పరదేశి వెళ్తూ ఇచ్చాడన్నా. నువ్వు పైకొచ్చాకే ఇమ్మన్నాడు.”

“నేను మర్చిపోయానని వాడికెలా తెలుసు?”

“ఈ నెలలో ఇది నాలుగోసారట. నువ్వు దిగగానే వేసి, పైకొచ్చేలోపు తీసేసేవాడట.”

“మరి ఆఫీసులో చెప్పలేదే?”

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నన్ను కూడా చెప్పొద్దన్నాడన్నా, తెలిస్తే నీ ఉద్యోగం పోతుందట.”