జానెడు పడుగు

భువనగిరిలో నాయిన కంప్యూటరులో దాచే చీరల డిజైన్లన్నీ, నల్గొండలో రోజారమణి ఇంట్లోని డ్రైవులోకీ వచ్చి చేరతాయి. అక్కడ ఏది చెరిపినా ఇక్కడా చెరిగిపోతుంది.

ఆ మధ్యాహ్నం తెర మీద అవి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మూడు వందల పన్నెండు. మూడు వందల పదకొండు. ఎవరో దొంగలు కంప్యూటరులోకి చొరబడ్డారనుకుంది. మిగిలినవైనా దక్కుతాయని, పీకేయడానికి డ్రైవు వైరు మీద చెయ్యి వేసి, నాయినకు ఫోన్ చేసింది.

"నేనే తీసేస్తున్న బిడ్డా," అన్నాడు వెంకటరాజం. "అన్నీ నీ కాడ ఉన్నయి గదా. నాకెందుకిగ?"

ఆ గొంతు ఆమెకు నచ్చలేదు.

"మగ్గం మీది చీర అయిపోయిందా నాయినా?"

"పొద్దుగాల్నే కోసిన. మొత్తం కోసిన."

చీర కోసిన ప్రతిసారీ నాయిన మగ్గం మీద జానెడు పడుగు, నిలువు దారాలు, వదులుతాడు. కొత్త పడుగును దానికే అతకాలి. అదీ కోసేశాడంటే ఇక నేయడు.

"ఎందుకు నాయినా?"

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. పక్కింటాయనకు ఫోన్ చేసి, "జల్ది ఉరుకు కాకా, మా నాయిన దగ్గరికి!" అని అరిచింది.

తెర మీద ఇంకొకటి పోయింది. అంటే నాయిన ఇంకా ప్రాణాలతో కంప్యూటరు ముందే ఉన్నాడు. వైరు మీంచి చెయ్యి తీసేసింది.

"తీసెయ్యి నాయినా, అన్నీ తీసెయ్యి," అంటూ తెరకు మొక్కింది.

రెండు వందల ఆరు దగ్గర అంకె ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు.

ఫోన్ మోగింది.

"మీ నాయిన చెయ్యి పట్టుకొనే కూసున్న బిడ్డా. ఇడువ."