పన్నెండిళ్ల లైను

మూడో అంతస్తు పళ్ల డాక్టరమ్మ కొన్న టీవీ లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మెట్ల మీదుగా, మలుపు మలుపుకీ ఆగి, గోడల సున్నం గీకేస్తూ మోసుకెళ్లారు. ఇంట్లో ఉండేది ఆవిడొక్కతే. హాలు చూస్తే రెండు కుర్చీలకు ఎక్కువ, మూడు కుర్చీలకు తక్కువ. అందులో గోడంత తెర.

ఏం చూస్తుందట? ఫుట్‌బాల్.

ఆ మాట విని రెండో అంతస్తాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన చేసేది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఆట మొదలైతే మాత్రం టీవీలో మాట్లాడేవాళ్లకు సందివ్వడు. అందుకే ఆ మెట్ల వరసలోని ఇళ్లవాళ్లంతా ఆయన్ని కామెంటరీగారంటారు. ఒకరోజు మెట్ల మీద డాక్టరమ్మని ఆపి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. తెలీదంది. పోనీ, ఆవిడ చూసే జట్టుకు గోల్‌కీపర్ ఎవరన్నాడు. అదీ తెలీదంది. సిగ్గయినా పడలేదు.

"గడ్డిపరకలు కూడా విడివిడిగా కనిపిస్తాయన్నాడండీ కొట్టతను. అందుకని కొన్నాను."

గడ్డి చూసుకోవడానికి అంత టీవీ దేనికి, కిందికి దిగితే పార్కుంది కదా అని ఆయన వారం రోజులు అందరికీ చెప్పి నవ్వించాడు.

సెమీఫైనల్ రోజు మాత్రం పెద్ద తెర మీద ఆశ చావక, నామోషీ మింగుకుని పైకి వెళ్లాడు. తిరిగొచ్చి చెప్పిన సంగతులు విని అందరూ ముక్కున వేలేసుకున్నారు. గోల్ పడితే ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుందట. జట్టు గెలిచినా ఓడినా ఒకటేనట. కానీ ఒక ఆటగాడు చీలమండ పట్టుకుని పడిపోయేసరికి, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడిందట. మొహం వెలిగిపోయిందట. వాడు పడిన తీరు మళ్లీ వేసి చూపిస్తుంటే, ఇప్పుడు జరిగేది చూపించక ఆ పాతది ఎందుకూ అని విసుక్కుందట.

"పళ్లు పీకే మనిషి కదా," అంది నాలుగో అంతస్తావిడ. "ఎదుటివాడు మెలికలు తిరిగితే గానీ ఆవిడకు పొద్దుపోదు."

అలాంటి మనిషని ఆవిడకు పేరు ఖాయమైపోయింది.

ఇంతా చేస్తే ఆ గడ్డి కూడా సరిగ్గా కనబడింది లేదు. ఆట మంచి పట్టులో ఉండగా బొమ్మ అలుక్కుపోయేది. మొహాలు ఉడకబెట్టిన బంగాళాదుంపల్లా తయారయ్యేవి. ఆవిడ ఫోన్లకు ఇంటర్నెట్ కంపెనీ మనిషి విసిగిపోయాడు. నాలుగోసారి వచ్చినప్పుడు ఉన్నమాట చెప్పేశాడు. ఈ మెట్ల వరసలో పన్నెండిళ్లకూ ఒకటే లైను. అందరూ ఒక్కసారి టీవీలు పెడితే, ఒక్కోసారి ఇంకొక్కటి నడిచినా, బొమ్మ దానంతటదే మసకబారుతుంది. సర్దుకోవాలి.

ఆవిడ సర్దుకునే రకం కాదు. ఆదివారం సాయంత్రం ఫైనల్. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ జట్టుకు ఆటల్లేవు. ఈ ఒక్క మ్యాచ్ మసక లేకుండా చూడాలన్న పట్టుదలతో తక్కిన పదకొండు తలుపులూ తట్టింది. అందరూ టీవీలు ఆపేసి తన ఇంటికే వచ్చి చూడాలి. టీ, బిస్కెట్లు తనవి.

లైను సంగతి ఒట్టి సాకు, తన టీవీ పదిమందీ చూడాలన్నదే ఆవిడ తాపత్రయం అని మెట్ల మీద తేల్చేశారు. తేల్చి, అందరూ వెళ్లారు.

గుమ్మం బయట చెప్పులు గుట్టపడ్డాయి. ఉన్న కుర్చీల్లో మంచిది చూసుకుని కామెంటరీగారు కూర్చున్నాడు. డాక్టరమ్మ తెరకు దగ్గరగా స్టూలు వేసుకుంది. బొమ్మ కడిగి పెట్టినట్టుంది. బాగుందని ఎవరూ అనలేదు, బిస్కెట్లు మెత్తబడ్డాయని మాత్రం ఇద్దరన్నారు.

సగం ఆట సాఫీగా గడిచింది. "ఇవాళ ఎవరూ పడడం లేదేమిటో," అని డాక్టరమ్మ గొణుక్కుంది. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

ఇంకో ఇరవై నిమిషాలున్నాయనగా పడ్డాడు. ఎవరో కాదు, కెప్టెనే. మోకాలు పట్టుకుని దొర్లుతున్నాడు. హాలంతా ఉసూరుమంది. డాక్టరమ్మ స్టూలు మీంచి లేచింది. నవ్వుతోంది.

సరిగ్గా అప్పుడే బొమ్మ అలుక్కుపోయింది.

"ఎవరింట్లోనో టీవీ నడుస్తోంది," అంది ఆవిడ. "ఆపమనండి. మీకు పుణ్యముంటుంది, తొందరగా ఆపమనండి."

కింది ఇంట్లోంచి సీరియల్ పాట వినిపిస్తూనే ఉంది. అందరూ కామెంటరీగారి వైపు చూశారు. ఆయన మొహం గంటు పెట్టుకుని ఫోన్ తీసి, టీవీ కట్టేయమని వాళ్ల అత్తగారితో చెప్పాడు. ఆ పరువు తక్కువతనమంతా ఆవిడ మీదికి మళ్లించాడు.

"చూడండి డాక్టరమ్మా. ఆ కుర్రాడు అక్కడ నొప్పితో ఏడుస్తున్నాడు. మీకేమో నవ్వొస్తోంది, పైగా అది స్పష్టంగా కూడా కనబడాలి. అసలు మీది మనిషి పుట్టుకేనా?"

నాలుగో అంతస్తావిడ అవునన్నట్టు తలూపింది.

బొమ్మ తేరుకుంది. కెప్టెన్ పక్కన మందుల సంచి తెరిచి పెట్టుకుని, జట్టు చొక్కా వేసుకున్న నడివయసు ఆడమనిషి ఒకామె వంగి, అతని మోకాలికి కట్టు కడుతోంది.

డాక్టరమ్మ తెరకు జానెడు దూరంలో నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది: "పదకొండేళ్లుగా నాతో మాటల్లేని మా చెల్లెల్ని, ఎవరో ఒకరికి దెబ్బ తగిలితే తప్ప టీవీలో చూపించరండీ."